లేమి వేషానికి లైసెన్సు - నా అనుభవం

నిన్న రాత్రితో మా చిన్నదాని ఆరు షోలూ అయిపోయాయి, మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మేం ఉండేది లండన్‌లో. ఇక్కడో నాటకం గ్రూపువాళ్లు ఇంగ్లీషు రచయిత డికెన్స్ కథ 'ఎ క్రిస్మస్ కారల్' వేస్తున్నారు, మా దానికి లేమి వేషం ఇచ్చారు. కథలో పిసినారి ముసలాడు స్క్రూజ్‌ని తిప్పే భూతం అంగీ పైకెత్తితే కాళ్ల దగ్గర ఎముకలగూళ్లలాంటి ఇద్దరు పిల్లలుంటారు చూడండి, పిల్లాడు అజ్ఞానం, పిల్ల లేమి. ఒక్క డైలాగు లేదు. "దీనికోసమా ఇంత తిరుగుడు" అన్నాడు మా ఆయన. 1843లో డికెన్స్ పిల్లల చాకిరీ మీద సర్కారు రిపోర్టు చదివి, ముందు కరపత్రం రాద్దామనుకుని, ఈ లండన్‌లోనే పేదపిల్లల బడి కూడా చూసొచ్చి చివరికి ఈ కథ రాశాడు, అంటే అసలు సంగతి ఆ ఇద్దరు పిల్లలే, మిగతాదంతా పండగ భోజనం. ఇది ఆయనకి మూడుసార్లు చెప్పా.

ఆడిషన్ పది నిమిషాలు. డ్రెస్సుకి పాత లుంగీ చింపి టీ డికాషన్‌లో నానేశా.

చచ్చింది లైసెన్సు దగ్గర. ఆరు నెలల్లో నాలుగు రోజులు మించి స్టేజి ఎక్కే పిల్లలకి కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) లైసెన్సు ఉండాలి, 21 రోజుల ముందే పేపర్లు పంపాలి. అప్లై చేసేది గ్రూపువాళ్లే, మనం సంతకం, ఫొటో, బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మా దాని సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. మన దగ్గర మామూలేగా, ఆస్పత్రివాళ్లు పుట్టిన వారంలోనే మున్సిపాలిటీకి పంపేస్తారు, మనమేమో బారసాల 21వ రోజున చేస్తాం. తర్వాత ఎక్కిద్దాంలే అని పదేళ్లు గడిపేశాం. పాస్‌పోర్టప్పుడు ఎలా సరిపెట్టాడో మా ఆయనకే తెలియాలి.

కౌన్సిల్ ఆవిడ ఫోన్ చేసింది. చేతులకి చపాతీ పిండి, స్పీకర్లో పెట్టా. "ఇందులో పేరు లేదు, మరి ఈ పాప మీ పాపేనని మాకెలా తెలుస్తుంది?" గొంతు ఎంత మెత్తగా ఉందో, అందుకే ఇంకా మండింది. కన్నదాన్ని నేను, నీళ్లు నమిలా. పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మా చిన్నది తలెత్తి "నాకు పేరు లేదా అమ్మా?" అంది.

ఊళ్లో నాన్న, ఈ వయసులో, మున్సిపల్ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగారు. ఒకరోజు సర్వర్ లేదు, ఒకరోజు అఫిడవిట్ తెమ్మన్నారు, ఒకరోజు సంతకం పెట్టే సారు మీటింగ్‌లో ఉన్నారు. ఈలోగా ఇక్కడ కౌన్సిల్‌లో ఇంకొకాయన ఫోనెత్తి "పాస్‌పోర్టు కాపీ చాలు" అన్నాడు. చాలట! తొమ్మిది రోజులు నిద్ర లేదు నాకు. ఆఫీసుల్లో నోటిమాట నమ్మొద్దు, ఈమెయిల్లో రాయించుకోండి, మీ పిల్లల సర్టిఫికెట్ కూడా ఇవాళే తీసి చూసుకోండి.

అప్పట్లో ఎనిమిదేళ్ల పిల్లలు చాకిరీకి పోతుంటే కాగితం అడిగినవాడు లేడు, ఇప్పుడు ఆ పిల్ల వేషం రెండు నిమిషాలు వేయడానికి ఇన్ని కాగితాలు. అడగాల్సిందేలెండి, కానీ సరిగ్గా అడగొచ్చుగా.

మా దాన్ని చూసి హాలంతా నిశ్శబ్దం, పక్క సీటావిడ కళ్లు తుడుచుకుంది, చెప్పకుండా ఎలా ఉంటాను.

ఇవాళ పొద్దున నాన్న వాట్సాప్‌లో కొత్త సర్టిఫికెట్ పంపారు. పేరు ఎక్కింది, ఒక అక్షరం తప్పు.