ఏపీ 02 బండితో బెంగళూరులో 14 నెలలు

టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దాటగానే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు. ముందూ వెనకా అన్నీ కేఏ బండ్లే, ఆపింది మాత్రం ఏపీ 02, అంటే అనంతపురం నంబరున్న నా కారును. లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ చూసి ఒకటే అడిగాడు: "ఎష్టు దివస ఆయ్తు బెంగళూరిగె బందు?" బెంగళూరు వచ్చి ఎన్నాళ్ళయిందని. 14 నెలలు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తొందరగా మార్పించుకోమని చెప్పి వదిలేశాడు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

30 రోజులు దాటితే ఇక్కడ టాక్స్ కట్టాల్సిందేనని మన తెలుగువాళ్ళు ఇప్పటికీ భయపెడుతుంటారు. అది 2014లో కర్ణాటక తెచ్చిన సవరణ, 2016లో హైకోర్టు కొట్టేసింది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ఇచ్చే గడువు 12 నెలలు, అంతకు మించి బండి ఇంకో రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అది కూడా దాటబెట్టుకున్నాను, తప్పు నాదే.

నేను నేరుగా కె.ఆర్.పురం ఆర్టీఓకి వెళ్ళాను, అక్కడ మొదట అడిగేదే సొంతూరి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. సరే అని లీవు పెట్టి అనంతపురం పోతే, లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది! లోను తీరిందని బ్యాంకు సంతకం చేసే ఫారం 35 తెచ్చి అది తీయించాకే ఎన్ఓసీ దరఖాస్తు, ఫారం 28, తీసుకుంటామన్నారు, 200 కిలోమీటర్లకు పైగా వచ్చిన దారి వృథా. దయచేసి లోను తీరిన వెంటనే ఆ పని చేయించుకోండి, ఊరు మారినా మారకపోయినా.

రెండోసారి పోయినప్పుడు ఫారం 28కి కావాల్సిన ఛాసిస్ నంబరు ప్రింటు నాయనే తీశాడు. బానెట్ ఎత్తి, నంబరు మీద పల్చటి కాగితం అదిమిపెట్టి, పెన్సిల్ పక్కకు వాల్చి మెల్లగా రుద్దుతుంటే ఒక్కో అంకె తెల్లగా తేలింది. రెండు కాగితాలు చిరిగాయి. "తొందరపడకు నాయనా, ఒక్క అంకె చెదిరినా మళ్ళీ రమ్మంటారు" అన్నాడు. ఎన్ఓసీ చేతికొచ్చాక ఇక్కడ బండి ధర, వయసు లెక్కేసి లైఫ్ ట్యాక్స్ కట్టించుకున్నారు, చిన్న మొత్తమేం కాదు.

కొత్త కారు కొనేవాళ్ళు, మీ కంపెనీకి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులుంటే 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు అడగండి, రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు, టాక్స్ రెండేళ్ళకోసారి కట్టుకుంటూ పోవచ్చు. మా కంపెనీకి రెండు చోట్లే ఉన్నాయి, నాకు ఆ దారి లేదు.

ఇప్పుడు నా బండి నంబరు కేఏ 53. ఏపీలో కట్టిన టాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగడానికి వచ్చే సోమవారం మళ్ళీ అనంతపురం పోవాలి. దానికి 2018 నాటి టాక్స్ రసీదు కావాలి. నా దగ్గర లేదు, ఫోన్ చేస్తే నాయన బీరువాలో, పొలం పాసుపుస్తకం మధ్య భద్రంగా పెట్టి ఉంచాడట.