7 వారాల్లో 14 కిలోలు

నా పిత్తాశయం, అంటే లివర్ కింద పైత్యరసం నిలవుండే చిన్న సంచి, తీసేసి రెండున్నరేళ్లయింది. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు చర్మంలో కలిసిపోయాయి. మొన్న మా స్టాఫ్ రూమ్‌లో పెళ్లి కుదిరిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుని, "మేడం, రెండు నెలల్లో పదిహేను కిలోలు తగ్గాలి. మీరెలా తగ్గారో చెప్పండి" అనడిగింది. ఆ మాట వినగానే కుడిపక్క డొక్కలో ఏదో కలుక్కుమన్నట్టయింది. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి. స్కూల్లో సోషల్ చెబుతాను. 2022 చివర్లో నాకు 43 ఏళ్లు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 6.2 వచ్చింది. లివర్‌కి కొవ్వు పట్టిందన్నారు. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే బీఎంఐ లెక్క వేస్తే 35. మనవాళ్లకి 23 దాటితేనే ఎక్కువ బరువు కింద, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. కాబట్టి తగ్గాల్సిన అవసరం ఉన్నమాట నిజమే, అందులో ఎవరినీ తప్పు పట్టను. కానీ నేను పంతం పట్టింది ఆ రిపోర్టులు చూసి కాదు. మా పెద్దాడపడుచు కూతురి నిశ్చితార్థం ఫొటోలు వచ్చినప్పుడు, "ఫొటోలో సగం నువ్వే ఉన్నావే" అని ఆవిడ అందరి ముందూ అంది. పెళ్లి మార్చిలో. ఆ తేదీనే గడువుగా పెట్టుకున్నాను.

ఎవరో చెబితే వాట్సాప్‌లో ఒక ఛాలెంజ్ గ్రూపులో చేరాను. మూడు వేలు కట్టించుకున్నారు. 60 రోజుల్లో 20 కిలోలు. పొద్దున ఒక పొడి కలిపిన నీళ్లు, మధ్యాహ్నం కీర ముక్కలు, సూపు, రాత్రికి మళ్లీ ఆ పొడే. నూనె, నెయ్యి చుక్క ముట్టకూడదు. రోజూ ఆరింటికల్లా బరువు మిషన్ మీద నిలబడి అంకె కనపడేలా ఫొటో పెట్టాలి. తగ్గనివాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టేవారు. ఆ ఎర్ర గుర్తు తప్పించుకోవడానికి ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా మానేసిన రోజులున్నాయి. జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడింది. నెలసరి తప్పింది. అయినా అందరూ మెచ్చుకుంటుంటే హాయిగానే ఉండేది. ఏడు వారాలకి 72కి వచ్చాను.

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆడపడుచు ఇంట్లో పసుపు కొట్టారు. ఏడు వారాలుగా నూనె ఎరగని పొట్టలోకి ఆ మధ్యాహ్నం నేతి బొబ్బట్లు రెండు, పులిహోర వెళ్లాయి. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. కుడి డొక్క కింద ఎవరో పిడికిలి బిగించి లోపలికి నొక్కుతున్నట్టు నొప్పి. అది వీపులోకి, అక్కడి నుంచి కుడి రెక్క కిందికి పాకింది. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే ఎక్కువ. బాత్రూమ్ గట్టు పట్టుకుని పసరు కక్కుకున్నాను.

మావారు వాము నీళ్లు ఇచ్చారు. గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఇచ్చి, "ఇన్నాళ్లు నోరు కట్టుకున్నదానివి ఒక్క పూట ఆగలేకపోయావు" అన్నారు. కంగారులో అన్నమాటేనని ఇప్పుడు తెలుసు. తర్వాత పదిరోజులూ ఆస్పత్రి బెంచీ మీదే పడుకున్న మనిషి ఆయనే. అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, దాచను. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. నా పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ, మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకుని, పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టింది. "మెట్లెక్కి వస్తుంది స్వామీ, దీన్ని నిలబెట్టు" అంది. అంత నొప్పిలోనూ ఆ మాట విన్నాను.

మూడింటికి 108లో గుంటూరు తీసుకెళ్లారు. తెల్లవారుజామున స్కానింగ్. చల్లటి జెల్ రాసి ప్రోబ్ పెట్టి నొక్కుతున్న డాక్టరు నా మొహం వైపు చూడకుండా పక్కనున్న అబ్బాయితో, "ఇంత కొవ్వులో రాళ్లేం కనపడతాయిరా" అన్నాడు. ఆ అబ్బాయి నవ్వాడు. నేను పళ్లు బిగించి పడుకున్నాను. 14 కిలోలు తగ్గి వచ్చాను సారూ, జుట్టు పోగొట్టుకుని వచ్చాను, ఇంకెంత తగ్గితే మనిషిలా మాట్లాడతారు అని అడగాలనిపించింది. నోరు పెగల్లేదు. ఆ గది పైకప్పు మీద తడి మరక ఒకటి ఉంది. దాని ఆకారం ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను.

రాళ్లు కనపడ్డాయి. ఒకటి జారి పైత్యనాళంలో ఇరుక్కుని క్లోమానికి వాపు తెచ్చింది. ఎండోస్కోపీ గొట్టంతో ఆ రాయిని తీశారు. వాపు తగ్గాక లాపరోస్కోపీలో సంచినే తీసేశారు. నేను ఆస్పత్రిలో ఉండగానే పెళ్లి అయిపోయింది. ఆస్పత్రిలో రెండు రాత్రులు నోట్లో చుక్క నీళ్లు పోయకూడదంటే, ఒక ఆయమ్మ దూది తడిపి గంటకోసారి నా పెదాలకి అద్దింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆవిడ పిల్లలు చల్లగా ఉండాలి.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని అడిగారు: "ఎన్నాళ్లలో ఎంత తగ్గారమ్మా?" చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. వారానికి కిలోన్నర దాటి తగ్గితే రాళ్లు వచ్చే ముప్పు పెరుగుతుందట. కొవ్వు అంత వేగంగా కరిగితే లివర్ కొలెస్ట్రాల్‌ని పైత్యరసంలోకి వదులుతుంది. నూనె, నెయ్యి బొత్తిగా మానేస్తే పిత్తాశయానికి పిండుకునే పని ఉండదు, రసం నిలవుండి రాయి కడుతుంది. అంత త్వరగా తగ్గించక తప్పనివాళ్లని డాక్టర్లు దగ్గరుండి చూసుకుంటారు, రాళ్లు రాకుండా మాత్ర కూడా ఇస్తారు. మూడు వేలు తీసుకున్నవాళ్లు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. ఆస్పత్రి నుంచే గ్రూపులో మెసేజ్ పెట్టాను, మిగతావాళ్లయినా జాగ్రత్తపడతారని. పది నిమిషాల్లో నన్ను తీసేశారు. ఆ గ్రూపులో ఇంకా ఎంతమంది ఆడవాళ్లు ఉన్నారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జూలైకల్లా 79కి ఎక్కాను. అప్పుడు డాక్టరుగారు ఒక డైటీషియన్ దగ్గరికి పంపారు. "ఎంతకి రావాలనుకుంటున్నారు?" అంటే "60" అన్నాను. ఆవిడ కాగితం మీద 75 అని రాసింది. "ఇప్పుడున్న బరువులో నూటికి ఐదు వంతులు, అంటే నాలుగు కిలోలు. నాలుగు నెలలు తీసుకోండి. తర్వాత రెండు నెలలు తగ్గొద్దు, అక్కడే నిలబడండి. ఆ తర్వాత మళ్లీ కూర్చుని ఇంకో అంకె రాద్దాం." అంతేనా అని నీరసం వచ్చింది. కానీ ఆ ఐదు వంతులకే షుగరు, బీపీ దారికొస్తాయని చెప్పింది. బరువు మన చేతుల్లో ఉండదు కాబట్టి రోజూ దాన్ని రాయొద్దంది. అన్నం ఎన్ని హస్తాలు వేసుకున్నాను, ఎన్ని నిమిషాలు నడిచాను, అవి మాత్రం రాయమంది. మూడు హస్తాల అన్నం ఒకటిన్నరకి దిగింది. ముద్దపప్పు, గుడ్లు, పెరుగు పెరిగాయి. కూరలో నూనె, ముద్దలో చెంచా నెయ్యి మళ్లీ వచ్చాయి. నడక పదిహేను నిమిషాలతో మొదలెట్టి నలభైకి తెచ్చాను.

మిషన్ అటక ఎక్కించాం. నెలకోసారి దించుతాం. దాని బదులు అత్తయ్య ఒక నూలు దారం తెచ్చింది. ప్రతి నెలా ఒకటో తారీఖున బొడ్డు మీదుగా నడుం చుట్టూ పెట్టి, రెండు కొసలూ కలిసిన చోట ముడి వేస్తుంది. మొదటి ముడి 104 సెంటీమీటర్ల దగ్గర పడింది. మన ఆడవాళ్లకి 80 లోపు ఉండాలట, అది ఇంకా దూరం. ఆ దారం క్యాలెండర్ మేకుకే వేలాడుతుంటుంది, పసుపు చేతులు తగిలి కొస పచ్చబడింది. ఒక నెల బరువు గ్రాము కూడా తగ్గలేదు, ముడి మాత్రం వేలెడు లోపలికి పడింది. అత్తయ్య ఆ ముడి మీద వేలు పెట్టి చూపిస్తే ఏడ్చేశాను.

75కి రావడానికి ఐదు నెలలు పట్టింది. కిందటి కార్తీకంలో 71. ఇప్పుడు 70న్నర, నడుం 91, మూడు నెలల సగటు షుగరు 5.7. అప్పుడు ఏడు వారాల్లో చేరిన 72 కన్నా కిలోన్నరే తక్కువ, దానికి రెండేళ్లు పట్టింది. ఈసారి నా జుట్టు నాకుంది.

చదివేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. నూనె వస్తువులు తిన్నాక కుడి డొక్క కింద నొప్పి మొదలై వీపులోకి పాకితే, వాము నీళ్లతో తెల్లవార్లూ కూర్చోకండి. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం కనపడితే వెంటనే బయల్దేరండి.

ఆ కార్తీకంలోనే మంగళగిరి వెళ్లాం. కారు పైదాకా వెళుతుంది, మావారు రమ్మన్నారు. నేను మెట్ల దారినే వెళ్లాను. నాలుగుచోట్ల కూర్చున్నాను. పైన పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే లోపలి నుంచి గుటక వేసిన చప్పుడు వినిపించింది. మిగిలిన సగం మా బిందెలోనే తిరిగిచ్చారు. అత్తయ్య ముడుపు విప్పి హుండీలో వేసి, ఒక గ్లాసు నిండా పానకం నా చేతికిచ్చింది. ఏమీ లెక్క వేసుకోకుండా మొత్తం తాగాను.

స్టాఫ్ రూమ్ పిల్ల పెళ్లి మాఘంలో. మూడు కిలోలని రాసుకోమన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. రేపు సాయంత్రం బడి వదిలాక నాతో కలిసి నడవమని చెప్పాను.