మూత్రనాళంలో రాయి: నేను పాటించిన వైద్యం, పథ్యం

విజయవాడ ఎండల్లో రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం నాది. కుడి నడుములో మొదలైన నొప్పి గజ్జల వరకు పాకి, మూత్రం ఎర్రగా రావడంతో స్కాన్ తీయించుకున్నాను. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం దిగువన 4 మిల్లీమీటర్ల రాయి కనబడింది. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయని, అయితే చలిజ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలని యూరాలజిస్టు చెప్పారు.

ఆయనకు చెప్పిన తరువాతే ఆయుర్వేద వైద్యుని దగ్గరకు వెళ్లాను. స్కాన్ రిపోర్టు చూడనిదే ఆయన నాడి కూడా పట్టలేదు. మందులకు లొంగని అశ్మరికి, అంటే మూత్రంలో రాయికి, శస్త్రచికిత్స చేయాలని ప్రాచీన ఆయుర్వేద శస్త్రవైద్యుడు సుశ్రుతుడే చెప్పాడని, కషాయాన్నే నమ్ముకుని కూర్చోవడం తమ శాస్త్రానికీ సమ్మతం కాదని ఆయన అన్న మాట నాకు ధైర్యాన్నిచ్చింది. పల్లేరుకాయలు, ఉలిమిరి బెరడు నలగ్గొట్టి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకు మరిగేవరకు కాచి వడగట్టుకోమన్నారు. వగరుగా ఉండే ఆ కషాయంతో పాటు, రాత్రి నానబెట్టి ఉడికించిన ఉలవల కట్టు కూడా తాగాను. మన వైపు ఉలవచారంటే ప్రాణం పెడతాం కానీ, ఉప్పు, చింతపండు దట్టించి మీగడతో తినే చారు ఈ పథ్యానికి పనికిరాదని ఆయన ఖండితంగా చెప్పారు.

అన్నిటికన్నా కష్టమైనది నీళ్లు తాగడమే. రోజుకు 2.5 లీటర్ల మూత్రం రావాలంటే, మే నెలలో చెమటకు పోయేది పోగా ఎంత తాగాలో లెక్క వేసుకోవాలి. బండికి సీసా తగిలించుకుని, నిమ్మరసం పిండిన నీళ్లు గంటగంటకూ తాగేవాణ్ణి. ఆవకాయ, అప్పడాలు మానేశాను, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం కూడా ఎక్కువగా చేరుతుంది. పాలు, పెరుగు మానేయమని బంధువులందరూ పట్టుబట్టారు. వైద్యులిద్దరూ అది తప్పన్నారు: భోజనంలోని కాల్షియం, రాయి కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగుల్లోనే పట్టి ఉంచుతుంది కనుక మజ్జిగ తప్పనిసరి. ఆ ఆక్సలేట్ ఎక్కువగా ఉండే గోంగూర, పాలకూర, బీట్‌రూట్, వేరుశనగపప్పు మాత్రం బాగా తగ్గించాను.

కొంతకాలానికి రాయి పడింది. యూరాలజిస్టు చెప్పినట్లు ప్రతిసారీ మూత్రాన్ని జల్లెడలో వడగట్టడం వల్ల అది దొరికింది: నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, గోధుమరంగు, చుట్టూ ముళ్లలాంటి మొనలు. పరీక్షలో కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. అది కషాయం వల్లే పడిందని నేను చెప్పను, ఎందుకంటే ఆ పరిమాణం రాయి నీళ్లతోనే పడిపోవచ్చు. పథ్యం మాత్రం నాకు మేలు చేసిందని నమ్ముతున్నాను. పెద్ద రాయి ఉన్నవారు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు, గర్భిణులు నా కషాయాన్ని అనుకరించవద్దు. పేరు, పాళ్లు రాయని పొట్లాల్లో అమ్మే భస్మాల జోలికి ఎవరూ పోవద్దు.

ఇప్పటికీ నీళ్లు, నిమ్మరసం, తక్కువ ఉప్పు కొనసాగిస్తూ, ఏటా ఒకసారి స్కాన్ తీయించుకుంటున్నాను. గోంగూర ఎప్పుడైనా తింటే, ఆ పూట పెరుగన్నం తప్పకుండా ఉండేలా చూసుకుంటాను.