హాంబర్గ్‌లో రాత్రిపూట రికార్డింగు

సెయింట్ యాకోబి చర్చి హాంబర్గ్ రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దగ్గర. రికార్డింగుకు అదే పెద్ద చిక్కు. పగలంతా బయట వాహనాల రొద. అందుకే ఆర్గాన్ (పైపుల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాయిద్యం) వాయించే నా స్నేహితురాలు తన సోలో కచేరీ రికార్డింగును రాత్రికి పెట్టుకుంది. పేజీలు తిప్పడానికీ స్టాపులు లాగడానికీ పక్కన ఒక మనిషి కావాలంటే నేను వెళ్లాను. స్టాపు అంటే ఒక పైపుల వరుసను పలికించాలా వద్దా అని నిర్ణయించే చెక్క గుబ్బ. చూడటానికి చిన్నదే గానీ భుజం బలమంతా పెడితే తప్ప కదలదు.

ఈ ఆర్గాన్‌ను ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తి చేశాడు. చేతులకు నాలుగు వరుసల మెట్లు, పాదాలకు మరో వరుస, 60 స్టాపులు, నాలుగు వేల దాకా పైపులు. అన్నీ ఆయన పోతపోసినవి కావు. పాత ఆర్గాన్ పైపుల్లో పనికొచ్చేవాటిని పారేయకుండా ఇందులో కలుపుకున్నాడు. 1917లో యుద్ధానికి లోహం కావాలని ముందువైపు పైపులను ఊడదీసి కరిగించారు. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం పైపులను ముందే విప్పి దాచారు కాబట్టి, 1944లో బాంబులకు చర్చి నాశనమైనా అవి దక్కాయి. యూర్గెన్ ఆరెండ్ 1993లో మొత్తాన్ని పునరుద్ధరించాడు. అంటే కింద నిలబడి అందరూ ఫొటోలు తీసుకునే మెరుగు పైపులు కొత్తవి, అసలు ముసలివాళ్లు వాటి వెనక ఉన్నారు.

1720లో ప్రసిద్ధ జర్మన్ స్వరకర్త బాహ్ ఇక్కడి ఆర్గాన్ వాయించే ఉద్యోగానికి ప్రయత్నించాడు. అది చర్చికి నాలుగు వేల మార్కులు సమర్పించుకున్న మరొకరికి దక్కింది. లంచాల చరిత్ర సంగీత చరిత్ర కన్నా చిన్నదేమీ కాదు.

మా రాత్రి శ్రుతి చేయడంతో మొదలైంది. చర్చిలో వేడి మారితే మామూలు పైపుల శ్రుతి మారిపోతుంది, లోపల సన్నని లోహపు నాలుక కంపించి పలికే రీడ్ పైపులు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. కొద్దివైన రీడ్లనే మిగతావాటికి సరిపెట్టడం సులువు. లోపల ఒకతను రీడ్ తీగను సన్నని ఇనుప కడ్డీతో తడుతుంటే, బయట మెట్టు నొక్కి పట్టుకుని కూర్చోవడం నా పని. ఈ ఆర్గాన్ శ్రుతి ఇప్పటి పియానో కన్నా ఇంచుమించు ఒక స్వరం ఎక్కువ. పైగా దీని స్వరాల సర్దుబాటు పాతకాలపుది: కొన్ని స్వరాల కలయికల్లో తేనె, కొన్నిటిలో పచ్చి చింతకాయ. అందుకే నా స్నేహితురాలు పాతకాలపు స్వరకర్తలైన బుక్స్టెహుడేనూ, 1655 నుంచి ఈ చర్చిలోనే వాయించిన వెక్‌మన్‌నూ ఎంచుకుంది. ఇద్దరూ ఇలాంటి శ్రుతిని ఎరిగి రాసినవారు.

అసలు గొడవ మైకుల దగ్గర వచ్చింది. మెట్టు నొక్కితే సన్నని చెక్క పట్టీలు లాగి పైపు కవాటాన్ని తెరుస్తాయి. వేగంగా వాయిస్తే అవన్నీ టకటకలాడతాయి. మైకు దగ్గర పెడితే ఆ టకటక, దూరం పెడితే ప్రతిధ్వనిలో స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సౌండ్ ఇంజనీరుకు శుభ్రమైన నాదం కావాలి. నాకైతే ఆ చప్పుడు ఉండాల్సిందే అనిపించింది. మనిషి చేతులు కట్టెనూ తోలునూ కదిలిస్తేనే ఈ నాదం పుడుతుంది, దాన్ని దాచడమెందుకు?

అతి మంద్రంగా మోగే 32 అడుగుల పొజౌనె అనే స్టాపు తెరిచి ఆమె పాదాల మెట్టు మీద కాలు మోపినప్పుడు బెంచీ అదిరింది. ఎక్కడో ఏదో గలగలమంది. రికార్డింగు ఆపి అందరం వెతికాం. చివరికి చూస్తే, సంగీత పుస్తకాల మీద వేలాడుతున్న చిన్న దీపం మూత వదులైంది. ఇంజనీరు దానికి టేపు చుట్టాడు.

తర్వాత టేకులు విన్నప్పుడు ఆమె ఎంచుకున్న వెక్‌మన్‌లో నేను స్టాపు లాగిన టక్కుమన్న చప్పుడు స్పష్టంగా ఉంది. తీసేయవద్దని ఆమే చెప్పింది. ఇంజనీరు ఇంకా ఒప్పుకోలేదు.