పోస్ట్‌గ్రెస్ 16కి మారాక స్లో క్వెరీల ప్యానెల్ ఖాళీ: నా అనుభవం

గచ్చిబౌలిలోని మా ఆఫీసులో డేటాబేస్ మానిటరింగ్ ఇవాళే మళ్లీ దారిలో పడింది. కోపం చల్లారకముందే రాస్తున్నా. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌ని 12వ వెర్షన్ నుంచి 16కి, పీజీ అప్‌గ్రేడ్ (వెర్షన్ మార్చే దాని సొంత టూల్)తో మార్చే పని బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చారు. అప్పట్నుంచి గ్రఫానాలో (గ్రాఫులు చూపించే డ్యాష్‌బోర్డు) స్లో క్వెరీల ప్యానెల్, అంటే ఎక్కువ టైమ్ తినే క్వెరీలు కనిపించే చోటు, ఖాళీ.

మామూలు చెకింగ్‌లన్నీ సరిగ్గానే వచ్చాయి. ఎక్స్‌పోర్టర్ (డేటాబేస్ లెక్కలు తీసి మానిటరింగ్‌కి అందించే ప్రోగ్రామ్) 9187 పోర్టులో పలుకుతోంది, అందులో క్వెరీల లెక్కలు తెచ్చే స్టాట్ స్టేట్‌మెంట్స్ కలెక్టర్ ఆన్‌లో ఉంది, దాని యూజర్‌కి ఆ లెక్కలు చదివే పీజీ మానిటర్ రోల్ ఉంది, సర్వర్ మొదలవగానే లోడయ్యేవాటి లిస్టు షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్‌లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ (ప్రతి క్వెరీకి పట్టిన టైమ్ లెక్కపెట్టే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు భాగం) ఉంది (అది లేకపోతే చేర్చి రీస్టార్ట్ చేయాలి, రీలోడ్ చాలదు).

ఎక్స్‌పోర్టర్ లాగ్‌లో మాత్రం టోటల్ ఎగ్జెక్ టైమ్ అనే కాలమ్ లేదని ఎర్రర్. కాంట్రాక్టర్లని అడిగితే మీటింగ్‌లో అందరి ముందూ, "సర్వర్ 16 అండీ, ఆ కాలమ్ 13 నుంచే ఉంది. మీ ఎక్స్‌పోర్టర్ సరిగ్గా లేదు" అని కొట్టిపారేశారు. 13లో టోటల్ టైమ్ పేరు అలా మారిన మాట నిజమే. కానీ సర్వర్ వెర్షన్ వేరు, ఎక్స్‌టెన్షన్ వెర్షన్ వేరు! పీజీ అప్‌గ్రేడ్ ఎక్స్‌టెన్షన్‌ని ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. ఎక్స్‌టెన్షన్ల వెర్షన్లు చూపించే బ్యాక్‌స్లాష్ డీఎక్స్ కమాండ్ కొడితే 1.7 అని వచ్చింది, అంటే 12 నాటిది. 16కి ఉండాల్సింది 1.10. ఎక్స్‌పోర్టర్ సర్వర్ వెర్షన్ చూసి కొత్త పేరు అడుగుతుంది, ఎక్స్‌టెన్షన్ ఇచ్చే వ్యూలో (టేబుల్‌లా చదివే సేవ్ చేసిన క్వెరీ) పాత పేరే ఉంటుంది.

మందు ఒక్క లైనే: ఎక్స్‌పోర్టర్ కనెక్టయ్యే డేటాబేస్‌లో సూపర్‌యూజర్‌గా ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ అప్‌డేట్ అనే కమాండ్ నడపడం. అదీ మొదట ఆగిపోయింది. అప్‌డేట్ పాత వ్యూని తీసేసి కొత్తది కడుతుంది. దాని మీద రిపోర్టుల టీమ్ కట్టుకున్న వ్యూ అడ్డొచ్చింది. ఎక్స్‌టెన్షన్‌నే డ్రాప్ క్యాస్కేడ్ (దాని మీద ఆధారపడ్డవాటితో సహా తీసేయడం) చేద్దామనే సలహా వినకండి, రిపోర్టుల వ్యూ కూడా దాంతోపాటే పోతుంది. పీజీ గెట్ వ్యూడెఫ్‌తో దాని డెఫినిషన్ దాచుకుని, తీసేసి, అప్‌డేట్ చేసి, కొత్త కాలమ్ పేర్లతో మళ్లీ కట్టాలి. దాని గ్రాంట్‌లు (ఎవరెవరు చదవొచ్చో చెప్పే అనుమతులు) కూడా మళ్లీ ఇవ్వాలి.

పీజీ అప్‌గ్రేడ్ ఇందుకోసమే అప్‌డేట్ ఎక్స్‌టెన్షన్స్ డాట్ ఎస్‌క్యూఎల్ అనే ఫైలు రాసిపెడుతుంది. మా సర్వర్‌లో అది ఎవరూ నడపకుండా పడి ఉంది. డబ్బు తీసుకున్నవాళ్లు చివరిదాకా పని చేయాలి. బిల్లు పాస్ చేసేముందు ప్రతి డేటాబేస్‌లో ఎక్స్‌టెన్షన్ల వెర్షన్లు రాతపూర్వకంగా తీసుకోండి.

అలర్ట్ ఒక్క అప్ మెట్రిక్ (ఎక్స్‌పోర్టర్ పలుకుతుంటే 1 చూపించే లెక్క) మీదే పెడితే ఇలాంటిది దొరకదు, ఒక కలెక్టర్ పడిపోయినా అది 1 గానే ఉంటుంది. ఒక్కో కలెక్టర్ పనిచేసిందో లేదో చెప్పే పీజీ స్క్రేప్ కలెక్టర్ సక్సెస్ అనే మెట్రిక్ 0 అయితే మోగేలా పెట్టాను. కొత్త డేటాబేస్‌లకి నమూనాగా ఉండే టెంప్లేట్1లో పాత ఎక్స్‌టెన్షన్ ఉంటే అక్కడా అప్‌డేట్ చేయండి, లేకపోతే కొత్తగా పుట్టే డేటాబేస్‌లకీ 1.7 వస్తుంది.