వ్యాన్‌లో కాపురం, గోడలకు చెమట

ఈ వారమంతా మా వ్యాన్ లోపల గోడలు పొడిగా ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం రాసుకోవడానికి నాకు చలికాలం మొత్తం పట్టింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. తీరిగ్గా రాద్దామని ఆగితే మంచితనం ముంచుకొచ్చి మా వ్యాన్ లోపలి పని చేసిన వర్క్‌షాప్ వాళ్ళను క్షమించేస్తానేమోనని భయం.

మావారూ నేనూ ఉద్యోగాలు అయిపోయాక వ్యాన్‌లో తిరగడం మొదలుపెట్టాం. సాహసాలేం లేవు. నచ్చిన చోట ఆగుతాం, విసుగు పుట్టేదాకా ఉంటాం, తర్వాత కదులుతాం. నాకు నీటిరంగులు, పగలు పక్షులు, రాత్రిళ్ళు నక్షత్రాలు. ఆయనకు మౌత్ ఆర్గాన్. మా ఇద్దరి సరదాల సామానంతా కలిపినా ఒక సొరుగు నిండదు.

మిగతా ఏర్పాట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పరుపు కొలత ఇచ్చి కోయించాం. కరెంటుకు 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైన సోలార్ ప్యానెల్. బ్యాటరీలో 1,280 వాట్-అవర్ల దాకా ఉంటుంది, మా చిన్న ఫ్రిజ్‌కూ లైట్లకూ ఫోన్లకూ చాలు. సున్నా డిగ్రీల కంటే చల్లబడితే మాత్రం దాన్ని చార్జ్ చేయకూడదు. లీటరు నీళ్ళంటే కిలో బరువు, కాబట్టి అవసరమైనంతే నింపుతాం. టాయిలెట్ సంగతి అందరూ అడుగుతారు. అలవాటైపోతుంది, అంతకుమించి రాయను.

అసలు కథ చలి మొదలయ్యాక. ఒక పొద్దున నుదుటి మీద చల్లగా చుక్క పడి మెలకువ వచ్చింది. పైకి చూస్తే సీలింగ్ ప్లైవుడ్‌కు బిగించిన ప్రతి స్క్రూ తలకూ ఒక్కో నీటి చుక్క, వరసగా. ముందు అద్దం లోపలివైపు నీరు కారి డాష్‌బోర్డ్ మీద చేరింది. పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి. తుడిచేశాం. మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే. రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని గోడలు తుడవడం, ఆ గుడ్డ పిండి ఎక్కడ ఆరేయాలో తెలియక నిలబడడం దినచర్య అయిపోయింది.

అంతవరకూ ఓర్చుకున్నాను. నా బొమ్మల జోలికి వచ్చాక ఓర్చుకోలేదు. నేను వాడేది 300 జీఎస్ఎం కాగితం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటిది. ఎంత నీళ్ళ రంగు పూసినా అంత తేలిగ్గా వంకర పోదు. అదీ ఉబ్బింది. సాయంత్రం పూసిన ఆకాశం పొద్దుటికీ తడిగానే ఉంది. పాత పుస్తకం అట్ట వెనక నల్ల చుక్కలు లేచాయి. ఆ తర్వాత బైనాక్యులర్స్ వెలుతురుకు పట్టి చూస్తే లోపలి అద్దం మీద సాలీడు గూడు పోగుల్లాంటి సన్నటి దారాలు. బూజు. లెన్స్ పూతను అది తినేసిందంటే ఆ మచ్చ ఇక ఎంత తుడిచినా పోదు. ఆ రోజు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

లోపలి పనంతా ఒకే వర్క్‌షాప్‌లో చేయించాం. అక్కడికే తీసుకెళ్ళాం. ఓనరు లోపలికి తల పెట్టి ఒక్క చూపు చూసి, "రూఫ్ లీకేజీ సార్" అన్నాడు. అడిగింది నేను, జవాబు మావారికి. "ఈ మధ్య అసలు వానే లేదు కదండీ" అన్నాను. "పాత నీళ్ళు ఉంటాయి సార్, లోపల నిలిచిపోతాయి" అని మళ్ళీ ఆయనకే చెప్పాడు. పైనున్న సీలెంట్ అంతా గీకేసి కొత్తది వేశారు. ఇంటికి తెచ్చుకున్న రాత్రే స్క్రూలకు మళ్ళీ చుక్కలు.

మళ్ళీ వెళితే కిటికీ రబ్బర్లన్నాడు. మార్చారు, బిల్లు వేశారు. పైపుతో నీళ్ళు కొట్టి చూపించమని నేను పట్టుబట్టాను. రూఫ్ మీదా కిటికీల మీదా చాలాసేపు కొట్టారు. లోపల ఒక్క చుక్క లేదు. "చూశారా సార్, ఎలా బిగించామో" అని మురిసిపోయాడు. మరి రాత్రి పూట చుక్కలు ఎక్కడినుంచి వస్తున్నాయి అంటే, "వాడగా వాడగా సెట్ అవుతుంది" అన్నాడు. ఏం సెట్ అవుతుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు నేను నోట్‌బుక్ పట్టుకెళ్ళాను. తేదీ, బయట ఎంత చలి, వాన ఉందా లేదా, తడి ఏయే మూలల్లో కనిపించింది, అన్నీ రాసుకున్నాను. ఏళ్ళ తరబడి బడిలో సైన్స్ చెప్పిన దాన్ని, అంతకంటే ఏం చేయగలను? వాన పడినా పడకపోయినా తేడా లేదు, చలి పెరిగిన రాత్రల్లా తడి పెరుగుతోంది. ఆ పేజీలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అక్కడ వేరే కస్టమర్లున్నారు, పనివాళ్ళంతా ఉన్నారు. నేను పుస్తకం తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ, "మేడమ్, మీరు నోరు మూసుకుని పడుకోండి, అంతా అదే సర్దుకుంటుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. స్పానర్ పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు. నా మొహం చూసి, "ఊపిరి ఆవిరి గురించి అన్నాను మేడమ్, జోక్" అని సర్దాడు. మావారు నవ్వలేదు గానీ నేల చూశారు. దాని గురించి ఆ రాత్రి వ్యాన్‌లో వేరే పంచాయితీ జరిగింది, అది ఇక్కడ అనవసరం. వయసు మీద పడిన ఆడమనిషి వర్క్‌షాప్‌కు వెళ్ళి ప్రశ్న అడిగితే పక్కనున్న మగాడికి జవాబు చెప్పే అలవాటు ఎప్పుడు పోతుందో. నా క్లాసులో ఇలాంటి పిల్లాడుంటే గంటసేపు నిలబెట్టేదాన్ని.

రాత్రి నిద్రపట్టక ఆ మాటే బుర్రలో తిరుగుతుంటే అసలు సంగతి తట్టింది. ఊపిరి ఆవిరే! ఆ మనిషికి జవాబు తెలుసు. తెలిసీ దాన్ని జోక్ కింద వాడుకుని, లీకేజీ అని బిల్లు వేశాడు.

లేచి లైట్ వేసి లెక్క కట్టాను. నిద్రపోయే మనిషి ఒంట్లోంచి రాత్రికి సుమారు పావు లీటరు నీరు ఆవిరిగా పోతుంది, ఊపిరి ద్వారా కొంత, చర్మం ద్వారా కొంత. ఇద్దరికీ కలిపి అర లీటరు. మా వ్యాన్ లోపలి ఖాళీ సుమారు 10 ఘనమీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మహా అయితే 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అంటే లోపలి గాలి మొత్తానికీ 170 గ్రాములే గరిష్ఠం. మేం వదిలేది 500 గ్రాములు. పైగా 10 డిగ్రీలకు చల్లబడితే ఘనమీటరుకు 9 గ్రాముల పైచిలుకే. మిగిలిన నీరు ఎక్కడికి పోతుంది? అన్నిటికంటే చల్లగా ఏది ఉంటే దాని మీద వాలుతుంది. బయటి రేకుకు తగిలే ఇనుప పట్టీల్లోకి దిగిన స్క్రూలు, ముందు అద్దం, పరుపు కింద గాలి ఆడని చెక్క.

దీనికి తోడు వంట. గ్యాస్ మండితే నీరు పుడుతుంది, 100 గ్రాముల గ్యాస్‌కు సుమారు 160 గ్రాములు. గిన్నెలోంచి వచ్చే ఆవిరి దానికి అదనం.

అనుమానం తీరాలి కదా. ఆ వారంలోనే చుట్టాలింటికి వెళ్ళాల్సి వచ్చి వ్యాన్ బయట ఖాళీగా వదిలాం. రాత్రంతా కుండపోత వాన. తెల్లారాక వెళ్ళి తలుపు తీసి చూస్తే లోపల ఎండుగా ఉంది, స్క్రూలకు చుక్క లేదు. వానలో మనుషులు లేకపోతే పొడి, వాన లేని రాత్రి మనుషులుంటే తడి. అంత డబ్బు తీసుకున్నవాళ్ళు పట్టుకోలేని సంగతి నోట్‌బుక్, పెన్నుతో నేను పట్టుకున్నాను. ఈ ముక్క గర్వంగానే రాస్తున్నాను.

అయితే మనుషులుండే ప్రతి వ్యాన్ ఇంతగా కారదు. సీలింగ్ పలక ఒకటి విప్పించాను. లోపల చలి ఆపడానికి గ్లాస్ ఊల్, అంటే దూదిలాంటి గాజు పీచు, కుక్కి ఉంది, రేకు వైపు చెయ్యి పెడితే పిండితే నీరు కారేలా ఉంది. ప్లైవుడ్ సందుల్లోంచి ఆవిరి లోపలికి దూరి, ఊల్ దాటి, చల్లటి రేకుకు తగిలి నీరైపోతోంది. బయటికి దారి లేదు. పట్టీల మీద ఏ కప్పూ లేదు, ఉత్త ఇనుమే. ఇంకో చలికాలం అలాగే వదిలితే లోపలినుంచి తుప్పు పట్టేది. ఆ లీకేజీ బిల్లులు మాత్రం ఫైల్‌లో భద్రంగా ఉన్నాయి.

ఊల్ మొత్తం పీకి పారేశాం. రేకు ఆరేదాకా ఆగి, నీటిని పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ షీట్లు రేకుకు నేరుగా, మధ్యలో గాలి సందు లేకుండా అతికించాం. పట్టీల మీద కూడా. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పలకల్ని ఎడంగా వేశాం. చివరిగా, రూఫ్ ఫ్యాన్ రాత్రంతా అతి తక్కువ వేగంలో లోపలి గాలిని బయటికి తోసేలా పెట్టి, ఇంకో చివర కిటికీ వేలి సందంత తెరిచి పడుకుంటున్నాం. రెండు చివర్లా దారి ఉండాలి. ఫ్యాన్ ఒక్కటే తిరిగితే లాభం లేదు.

"బయట మంచు కురుస్తుంటే కిటికీ తెరుస్తారా, ఇంకా తడి రాదా?" అని ఇది విన్న ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. రాదు. 5 డిగ్రీల గాలి నిండా తేమతో ఉన్నా అందులో నీరు ఘనమీటరుకు 7 గ్రాముల లోపే. అదే గాలి లోపలికొచ్చి 18 డిగ్రీలకు వేడెక్కితే దాని సాపేక్ష ఆర్ద్రత, అంటే అది పట్టగలిగే తేమలో నిజంగా ఉన్న వాటా, 45 శాతం దగ్గరికి దిగిపోతుంది. చలిగాలి పొడిగాలే. కొంచెం వణుకుతాం, దుప్పటి ఇంకోటి కప్పుకుంటాం.

తేమ పీల్చే డబ్బాలు కొనమని చాలామంది చెప్పారు. కిటికీ తెరిచి పడుకునేవాళ్ళకు అవి దండగ, లోకంలోని తేమంతా అవే పీల్చాలి. కరెంటుతో ఒక పలకను చల్లబరిచి గాలిలోని తేమను నీరుగా పట్టే బుల్లి పెల్టియర్ డీహ్యూమిడిఫైయర్లు చలిలో సరిగా పనిచేయవు. అద్దాలకు అడ్డుపెట్టే మందపాటి మ్యాట్లు వెచ్చగానే ఉంచుతాయి గానీ వాటి వెనక అద్దం ఇంకా చల్లబడి ఇంకా తడుస్తుంది, పొద్దున్నే తీసి తుడవాల్సిందే. పొగ లోపలికే వదిలే గ్యాస్ హీటర్ మాత్రం వ్యాన్‌లో వద్దే వద్దు. తేమ సంగతి అలా ఉంచండి, ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు. దానికి అలారం తప్పనిసరి. గ్యాస్ లీకు అలారం మాత్రం నేలకు దగ్గరగా పెట్టాలి, ఎల్‌పీజీ గాలికంటే బరువు.

బొమ్మలు మళ్ళీ వేస్తున్నాను. నిన్న వేసిన కొంగ గంటలోపే ఆరింది. మెడ వంపు నేను వేసినవాటిలో ఇదే బాగా కుదిరింది, ఆయన కూడా ఒప్పుకున్నారు. బైనాక్యులర్స్ మాత్రం కొత్తవి కొన్నాను, లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసినవి, 8x42. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తాయి, ముందు లెన్సుల వెడల్పు 42 మిల్లీమీటర్లు, చేతిలో పెద్దగా వణకవు. గురుగ్రహం పక్కన 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలూ మోచేతులు వ్యాన్ బానెట్‌కు ఆనించి పట్టుకుంటే కనిపిస్తాయి. బైనాక్యులర్స్‌ను చలిలోంచి లోపలికి తెచ్చేముందు గాలి దూరని సంచిలో పెట్టి మూసేయాలి, అవి వెచ్చబడేదాకా సంచి తీయకూడదు. లేకపోతే స్క్రూలకు జరిగిందే లెన్సులకూ జరుగుతుంది. వాటి పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేశాను, ఆ చిన్న చోటులో అది బాగానే పనిచేస్తుంది.

ఇంకో సంగతి. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. సరిగ్గా అప్పుడే మావారికి ఫ్రిజ్‌తో పని పడుతుంది, తలుపు తీస్తే తెల్ల లైట్ కళ్ళలో కొడుతుంది. ఆ లైట్‌కు ఎర్ర ప్లాస్టిక్ కాగితం అంటించాను. మౌత్ ఆర్గాన్ మాత్రం ఇకమీద బయట కూర్చునే వాయించాలని రూల్ పెట్టాను. ఊదినంతసేపూ లోపల తేమ పెరుగుతుందని నోట్‌బుక్ తెరిచి లెక్క చూపించాను. ఆయన ఆ పేజీ ఓపిగ్గా చదివి, "లెక్క కరెక్టేగానీ కారణం అది కాదులే" అని కుర్చీ పట్టుకుని బయటికి వెళ్ళారు.