మా బడిలో ఆటల పాలసీ, బాత్రూమ్ తాళం చెవి: నా అనుభవం

నిన్న సాయంత్రం మినిట్స్ పుస్తకంలో, అంటే మీటింగ్‌లో అన్న మాటలు రాసే పుస్తకంలో, మా బడి ఆటల పాలసీకి చివరి సంతకం పడింది. ఎనిమిది నెలల పని. మాది ప్రకాశం జిల్లాలో ఓ జడ్పీ హైస్కూల్. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో సభ్యురాలిని. ఒక యూనివర్సిటీ నుంచి పరిశోధకులు వచ్చి, పిల్లల ఆటలకు బడికంటూ ఒక పాలసీ ఉండాలి, తల్లిదండ్రులు, టీచర్లు, మేము కలిసి రాసుకుందాం అన్నారు.

మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. సమ్మతి పత్రాలు తెలుగులోనే ఇచ్చారు. కొందరు పిల్లల నడుముకి బెల్టుతో అగ్గిపెట్టెంత మెషీన్ కట్టారు. ఏడు రోజులు, స్నానానికీ నిద్రకీ తప్ప తీయకూడదు. ఎంతసేపు, ఎంత గట్టిగా కదిలారో అదే లెక్క రాసుకుంటుంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిందట. మా అమ్మాయి రాత్రి బెల్టు విప్పి దేవుడి గూట్లో పెట్టేది. పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

అసలు సంగతి మూడో మీటింగ్‌లో జరిగింది. ముసాయిదా పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. పరిశోధకుల టీమ్ పెద్ద సార్ తెర మీద వేసి గడగడా చదివేశారు. తల్లులం ఆరుగురం వెనక బెంచీల్లో ఉన్నాం. "ఏమన్నా చెప్తారా అమ్మా" అన్నారు. లేచి చెప్పాను. ఆటల పీరియడ్‌లో ఆడపిల్లలు వేపచెట్టు అరుగు మీదే కూర్చుంటున్నారు. వాళ్ల బాత్రూమ్‌కి తాళం. తాళం చెవి స్టాఫ్ రూమ్‌లో. అక్కడ సార్లుంటే నెలసరి రోజుల్లో పిల్ల వెళ్లి ఎలా అడుగుతుంది? అందుకే ఆడరు, మంచినీళ్లు కూడా తాగరు.

నా మాట పూర్తి కానే లేదు. "ఇది ఫిజికల్ యాక్టివిటీ పాలసీ అమ్మా, బాత్రూముల సంగతి ఇక్కడ కాదు" అన్నారాయన. ముందు వరసలో నవ్వులు. మా టీచర్లే. మొహం మాడిపోయింది, కూర్చుండిపోయాను. తర్వాత ఏం మాట్లాడారో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చివర్లో హాజరు కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫోటోకి మాత్రం మమ్మల్ని ముందు నిలబెట్టారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

చదువుకున్నవాళ్లంటే నాకు గౌరవమే. కానీ బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో పడేసి బాత్రూమ్‌కి పరుగెత్తే పిల్లని రోజూ చూసేది తల్లి. ఆమె మాట వినకుండా కలిసి రాశాం అని ఎలా అంటారు?

తెలిసినాయన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం తెలుగు ప్రతి తెచ్చుకుని చదివాను. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, స్కూల్ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే. ఆట స్థలం, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, రెండూ అదే చట్టం చివరి షెడ్యూల్‌లో ఒకే చోట ఉన్నాయి. ఆ పేజీ జిరాక్స్ తీయించి అందరికీ పంచింది నేనే.

ఆలోపు ఆ టీమ్‌లో రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి మా ఇంటికొచ్చింది. మెషీన్ గీతలు చూపించింది. ఆటల పీరియడ్‌లో మగపిల్లల గీత నిలువునా లేచింది, ఆడపిల్లలది నేలబారుగా ఉంది. "అక్కా, మీరు చెప్పింది ఇదే కదా" అంది. నాలుగో మీటింగ్‌లో ఆ గీతలు తెర మీద వేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు పాలసీ రెండు పేజీలు, తెలుగులో. తాళం చెవి క్లాస్ లీడర్ ఆడపిల్ల దగ్గర ఉంటుంది. మంగళ, శుక్రవారాలు గ్రౌండ్‌లో సగం ఆడపిల్లలదే. ఆటల పీరియడ్‌ని లెక్కల సార్ తీసుకోకూడదు. ఆఫీసులో ఆమోదానికి మూడుసార్లు తిరిగాం, అది మామూలే.

మీ బడికీ ఇలా వస్తే ముసాయిదా తెలుగులో ఇచ్చేదాకా మీటింగ్ పెట్టనివ్వకండి. మీరన్న మాట మినిట్స్‌లో రాశాకే సంతకం పెట్టండి.

ఆటలప్పుడు చున్నీ తీసేయొచ్చా లేదా అన్నది మాత్రం తేలలేదు. నెలాఖరు మీటింగ్‌కి వాయిదా వేశారు. దానికి ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరిని కూడా కూర్చోబెట్టమని అడిగాను. హెడ్‌మాస్టర్ సరేనన్నారు.